లైను, అడ్డరోడ్డు, ఆపైన ఇల్లు: గెలాక్సీల అడ్రసుల గురించి

గుంటూరు బ్రాడీపేటలో అడ్రసు చెప్పడం చాలా తేలిక. 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. అరండల్‌పేటలోనూ అంతే. ఆటో అతను ఇంకో మాట అడగడు, ఆ రెండు అంకెలు చెబితే నేరుగా ఆ మూలకి తీసుకెళ్ళి దింపుతాడు. ఇబ్బందంతా అక్కడి నుంచే. ఆ మూల చుట్టూ రెండు మందుల షాపులు, ఒక స్కానింగ్ సెంటరు, నాలుగు అపార్టుమెంట్లు, మెట్ల కింద ఒక జిరాక్స్ షాపు ఉంటాయి. మనకి కావలసిన మనిషి వాటిలో ఎక్కడ ఉన్నాడో 4/7 చెప్పదు.

ఆకాశంలో గెలాక్సీల అడ్రసులు కూడా చాలా ఏళ్ళు మూల దాకా మాత్రమే తెలిసేవి. లైను, అడ్డరోడ్డు లాంటివే అక్కడా రెండు ఉన్నాయి. భూమికి రేఖాంశం ఎలాగో ఆకాశానికి రైట్ ఎసెన్షన్ అలాగ. అక్షాంశం లాంటిది డెక్లినేషన్, దాన్నే మన పాత సిద్ధాంత గ్రంథాలు క్రాంతి అన్నాయి. ఈ రెండు అంకెలూ ఎంత కచ్చితంగా ఉండాలి, అంత కచ్చితంగా ఉండాల్సిన అవసరం ఏముంది, ఆ అంకెల పక్కన ఇంకేం రాసి ఉండాలి అన్నది నాకు కొన్నేళ్ళుగా మనసులో తిరుగుతున్న విషయం. డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. రాత్రిపూట భోజనాలయ్యాక ఓ గంట పాత సర్వే ఫొటోలు తెరిచి, డేటాబేసుల్లో రాసిన స్థానాలు నిజంగా గెలాక్సీ మీదే పడుతున్నాయా లేదా అని చూసుకుంటూ ఉంటాను. ఎవరూ అడగని పనే కానీ, చేసేకొద్దీ ఇది ఎంత అవసరమో తెలిసివస్తోంది.

ముందు కొలత సంగతి. దీనికి కొత్త మాటలు వెతుక్కోనక్కర్లేదు, పంచాంగం చూసేవాళ్ళకి తెలిసినవే: రాశి, భాగ, కళ, వికళ. భాగ అంటే డిగ్రీ, అందులో 60వ వంతు కళ, కళలో 60వ వంతు వికళ. ఇంగ్లీషులో ఆర్క్ మినిట్, ఆర్క్ సెకండ్ అనేవి ఇవే. పున్నమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ, అంటే సుమారు 1,800 వికళలు. ఇంకా దగ్గరగా చెప్పాలంటే, విజయవాడలో ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. సీతానగరం వైపు చివర నిలబడి చూస్తే, విజయవాడ వైపు చివర పెట్టిన ఒక కందిగింజ వికళ అంత ఉంటుంది, ఆరు మిల్లీమీటర్లు. అదే కళ అయితే అడుగు పైన రెండంగుళాలు. ఈ రెంటికీ ఉన్న తేడా మీదే నా వాదనంతా నడుస్తుంది.

స్వీడన్‌లోని ఉప్సలాలో పీటర్ నిల్సన్ 1973లో ఒక పెద్ద కేటలాగు వేశాడు, అందరూ యూజీసీ (ఉప్సలా జనరల్ కేటలాగు) అంటారు. పాలొమార్ సర్వే ఫొటో ప్రింట్లను ఒక్కొక్కటే కంటితో చూసి, దాదాపు 13 వేల గెలాక్సీలకి వరస నంబర్లు వేసి, సైజు, ఆకారం రాసిన మహాయజ్ఞం అది. అందులో స్థానాలు మాత్రం డెక్లినేషన్‌లో ఒక కళ వరకు, రైట్ ఎసెన్షన్‌లో నిమిషంలో పదో వంతు వరకు ఇచ్చాడు. ఆ నిమిషాలు కాలం లెక్కవి. కాలంలో నిమిషం అంటే ఆకాశంలో 15 కళలు, కనక పదో వంతు అంటే ఒకటిన్నర కళ. అదే కేటలాగులో ఎన్నో గెలాక్సీల వ్యాసం ఒక కళకి కాస్త పైన. ఇల్లు ఎంత వెడల్పో అడ్రసులో అనుమానం అంతకంటే వెడల్పు. నిల్సన్‌ని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయనకి కావలసింది టెలిస్కోపు తిప్పితే గెలాక్సీ ఐపీస్‌లో కనబడటం, దానికి ఆ మాత్రం చాలు. ఆ అంకెల్ని తర్వాతి వాళ్ళు ఎక్కడెక్కడ వాడబోతున్నారో 1973లో ఎవరికి తెలుసు?

ఇప్పుడు ఎక్కడెక్కడ వాడుతున్నారో చెప్తాను. అమెరికాలో నెడ్, ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్ వాళ్ళ సింబాద్, ఇవి రెండూ ప్రపంచంలో ఖగోళ పరిశోధకులందరూ రోజూ తెరిచే డేటాబేసులు. ఒకే గెలాక్సీకి పది పేర్లుంటాయి. రేడియో సర్వేలో ఒక పేరు, ఇన్‌ఫ్రారెడ్‌లో ఇంకోటి, ఎక్స్‌రేలో మరోటి. ఇవన్నీ ఒకరే అని తేల్చేది ఏది? ఎక్కువసార్లు స్థానం ఒక్కటే. ఎన్‌వీఎస్‌ఎస్ అనే రేడియో సర్వే చూపు వెడల్పు 45 వికళలు, అందులో కనబడిన చుక్క ఈ గెలాక్సీదా, పక్కనున్న చిన్నదానిదా అని తేల్చాలంటే గెలాక్సీ స్థానంలో కళ అంత అనుమానం ఉంటే ఎలా కుదురుతుంది? తేడా పడితే రేడియో కాంతి ఒకరిది ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఆ తర్వాత దాన్ని చూసి పేపరు రాసినవాడు తప్పు చేసినట్టు వాడికి కూడా తెలియదు.

స్పెక్ట్రం తీసే, అంటే కాంతిని రంగులుగా విడదీసే, యంత్రాల సంగతి ఇంకా కఠినం. అమెరికా వాళ్ళ స్లోన్ ఆకాశ సర్వే మొదట్లో అల్యూమినియం పళ్ళానికి గెలాక్సీల స్థానాల ప్రకారం 640 రంధ్రాలు తొలిచి, ఒక్కో రంధ్రంలో కాంతిని మోసే ఒక్కో ఫైబర్‌ని మనుషులు చేత్తో గుచ్చేవారు. ఆకాశంలో ఆ ఫైబర్ వెడల్పు 3 వికళలు. ఇప్పుడు అరిజోనాలోని డెసీ అనే యంత్రంలో 5,000 ఫైబర్లు, రోబోలే జరుపుతాయి, ఒక్కోటి ఒకటిన్నర వికళ. రెండు వికళల తప్పు ఉన్న అడ్రసు ఇస్తే రోబో చాలా బుద్ధిగా, చాలా కచ్చితంగా, గెలాక్సీ నడిబొడ్డు పక్కన ఖాళీలోకి చూస్తుంది.

2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న గురుత్వ తరంగాలు లైగో, విర్గో డిటెక్టర్లకి తగిలాయి. ఎక్కడి నుంచో తెలిసింది సుమారు 30 చదరపు డిగ్రీల మేర మాత్రమే, నిండు చంద్రుళ్ళు వందకి పైగా పట్టేంత జాగా. చిలీలో స్వోప్ అనే ఒక మీటరు టెలిస్కోపు దగ్గర పని చేసిన బృందం ఆ మొత్తం జాగాని జల్లెడ పట్టలేదు. ఆ దిక్కున, ఆ దూరంలో ఉన్న గెలాక్సీల జాబితా తీసి ఒక్కొక్క ఇల్లూ తలుపు తట్టింది. తొమ్మిదో ఫొటోలో, ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీ పక్కన, కొత్త వెలుగు కనబడింది, అదీ పదకొండు గంటల లోపే. జాబితా ముందే ఎవరో ఓపికగా తయారు చేసి పెట్టి ఉండబట్టి కదా అది సాధ్యపడింది. ఆ వెలుగు గెలాక్సీ కేంద్రానికి దాదాపు 10 వికళల దూరంలో ఉంది, ఆ దూరాన అంటే ఆరు వేల కాంతి సంవత్సరాల పైచిలుకు. అలాంటి జంట నక్షత్రాలు పుట్టిన చోటి నుంచి ఎంత దూరం వచ్చాయో ఆలోచించడానికి మొదటి ఆధారం ఆ అంకె. కేంద్రం అడ్రసులోనే 10 వికళల తప్పు ఉంటే ఆ అంకెకి అర్థం ఏముంది?

కేంద్రం అన్నాను కదా, అసలు చిక్కు అదే.

మా నాన్న రెవెన్యూలో సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. తెనాలి వైపు ఊళ్ళలో ముప్ఫై ఏళ్ళు గొలుసు లాగిన మనిషి. ఒక రాత్రి మంచినీళ్ళకి లేచి వచ్చి నా వెనకాల నిలబడ్డారు. తెర మీద ఉన్నది చాలా మసక గెలాక్సీ, సున్నం గోడ మీద తడి మచ్చలాగా ఉంది. ఒకటిన్నర కళ వెడల్పు. ఈశాన్యం వైపు, మధ్యకి బాగా దగ్గరగా, మన పాలపుంతకే చెందిన నక్షత్రం ఒకటి అడ్డంగా కూర్చుంది. పడమర అంచున రెండు మూడు చిన్న వెలుగు ముద్దలు, అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నట్టున్నాయి. సాఫ్ట్‌వేర్ ఏమో కేంద్రాన్ని తీసుకెళ్ళి సరిగ్గా ఆ అడ్డం వచ్చిన నక్షత్రం మీద పెట్టింది.

"ఏందమ్మా అది?"

"గెలాక్సీ నాన్నా. దీనికి మధ్య ఎక్కడో గుర్తు పెట్టాలి."

"గట్టు లేని చేనుకి మధ్య ఎట్లా పెడతావు?"

పదిసార్లు క్లిక్ చేసి సగటు తీస్తాను అని చెప్పాను. పది క్లిక్కులూ నాలుగు వికళల లోపే పడ్డాయి, నాకైతే బాగానే అనిపించింది. ఆయన కాసేపు చూసి, "ఒక చివర నుంచే కొలుస్తున్నావు. రెండో చివర నుంచి కూడా కొలువు. గొలుసు ఎప్పుడూ రెండు వైపుల నుంచీ లాగాలి" అని వెళ్ళి పడుకున్నారు. గెలాక్సీకి రెండో చివర ఏమిటా అని ఆలోచించి, బొమ్మని 180 డిగ్రీలు తిప్పి, తలకిందులుగా మళ్ళీ పదిసార్లు క్లిక్ చేశాను. సగటు రెండు వికళలు జరిగింది. నా కన్ను ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతోందన్న మాట. పాత రోజుల్లో గాజు ఫొటో ప్లేట్లు కొలిచేవాళ్ళు ప్లేటుని తిప్పి రెండోసారి కొలిచేది సరిగ్గా ఈ కారణానికే. పుస్తకంలో చదివిన విషయమే అయినా, నాన్న చెప్పేదాకా నా చేతికి తట్టలేదు.

మసక గెలాక్సీలే కాదు, మనకి పక్కింటి లాంటి ఆండ్రోమెడా సంగతి చూడండి. దాని నడిబొడ్డు అంత కాంతివంతమైనది ఇంకోటి లేదు, మధ్య ఎక్కడో పిల్లాడైనా చూపిస్తాడు అనుకుంటాం. 1993లో హబుల్ టెలిస్కోపు చూసేసరికి అక్కడ ఒకటి కాదు, రెండు వెలుగు శిఖరాలు ఉన్నాయి, మధ్య దూరం అర వికళ. ఎక్కువ వెలిగేది కేంద్రం కాదు. మసకగా ఉన్న రెండోదే అసలు కేంద్రం, పెద్ద బ్లాక్‌హోల్ ఉన్నది దాని దగ్గరే. "ఎక్కువ వెలుగున్న చోటే మధ్య" అనే సూత్రం రాసుకున్న ప్రోగ్రాం దేన్ని పట్టుకుంటుందో మీరే చెప్పండి. సెంటారస్ ఎ గెలాక్సీలోనైతే అడ్డంగా ధూళి పట్టీ పడి, మామూలు కాంతిలో కేంద్రమే కనబడదు. రేడియోలోనో ఇన్‌ఫ్రారెడ్‌లోనో పట్టుకోవాలి. కాబట్టి స్థానం పక్కన "ఏ కాంతిలో కొలిచారు" అన్నది లేకపోతే సగం సమాచారం పోయినట్టే.

"ఇంకా కంటితో కొలవడం ఏంటి మేడమ్, గాయా ఉపగ్రహం కొలిచింది కదా, ఏఐ ఉంది కదా" అని మా స్టూడెంట్సే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. గాయా నక్షత్రాల స్థానాలు కొలిచిన తీరు అద్భుతం, వికళలో వేల వంతుల కంటే సూక్ష్మంగా. కానీ దాన్ని తయారు చేసింది చుక్కల కోసం. నేను చెప్పిన తడి మచ్చ లాంటి గెలాక్సీని అది పట్టించుకోలేదు. ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. స్లోన్ సర్వేలో పెద్ద గెలాక్సీలు కొన్నిటిని ప్రోగ్రాం ముక్కలు ముక్కలు చేసి, ఒక్కో చెయ్యినీ ఒక్కో ముద్దనీ వేరే గెలాక్సీగా లెక్కేసుకున్న సందర్భాలున్నాయి. కోట్ల గెలాక్సీలని మనుషులు చూడలేరు, యంత్రమే చూడాలి, ఒప్పుకుంటాను. నేను అనేది యంత్రం ఎక్కడ తడబడుతుందో తెలిసినప్పుడు ఆ కొన్ని వేలైనా మనిషి చూసి తీరాలని. అది పాతకాలపు చాదస్తం అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

కన్ను కూడా తప్పు చేస్తుంది, చెయ్యి కూడా. నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఖగోళ మధ్యరేఖకి కాస్త దక్షిణంగా ఉన్న కొన్ని గెలాక్సీల పట్టిక వేస్తూ డెక్లినేషన్‌ని డిగ్రీలు, కళలు, వికళలు అని మూడు గడుల్లో రాశాను. ఒకదానిది మైనస్ 00 డిగ్రీల 30 కళల 15 వికళలు. స్ప్రెడ్‌షీట్‌కి మైనస్ సున్నా అనేది లేదు, సున్నా అంటే సున్నాయే. మైనస్ గుర్తు ఎగిరిపోయి గెలాక్సీ మధ్యరేఖకి ఉత్తరాన తేలింది. తప్పు ఒక డిగ్రీ పైన, ఇద్దరు చంద్రుళ్ళు పక్కపక్కన పట్టేంత. పట్టికని ఒక స్నేహితుడికి పంపేశాక, అతను అక్కడ ఏమీ లేదని చెప్పాక తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి గుర్తుని విడిగా ఒక గడిలో రాస్తున్నాను.

గుర్తు తారుమారవడం పెద్దవాళ్ళకీ తప్పలేదు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో మెస్యే అనే ఆయన వేసిన ఆకాశపు మసక మచ్చల జాబితాలో ఎం47 నక్షత్ర గుంపు చెప్పిన చోట లేదు, కారణం కూడికలు తీసివేతలు తారుమారు కావడమే. ఎం91 కథ ఇంకా మంచిది. 1781లో మెస్యే రాసిన చోట ఆ గెలాక్సీ ఎవరికీ కనబడక, చాలాకాలం "పోయిన మెస్యే"ల్లో ఒకటిగా మిగిలింది. 1969లో టెక్సాస్‌కి చెందిన విలియమ్స్ అనే ఔత్సాహికుడు కూర్చుని లెక్క కట్టాడు. మెస్యే ఎం89 నుంచి దూరం కొలిచి, లెక్క వేసేటప్పుడు మాత్రం ఎం58 నుంచి కొలిచినట్టు వేసుకున్నాడు. మొదలు రాయి మారిందన్న మాట. సరైన రాయి నుంచి కొలిస్తే సరిగ్గా ఎన్‌జీసీ 4548 మీద పడింది. ఉగాది వెళ్ళాక ఓ అర్ధరాత్రి మా డాబా మీద నిలబడితే అది దాదాపు నడినెత్తినే ఉంటుంది, గుంటూరు లైట్లలో కనబడకపోయినా. ఇది విన్నాక నాన్న ఎంత సంబరపడ్డారో చెప్పలేను. మూడు ఊళ్ళు కలిసే చోట ట్రైజంక్షన్ రాయిని పొరపాటు పడి, పక్క రాయి నుంచి గొలుసు లాగిన కేసులు ఆయన ఎన్ని చూశారో.

విలియమ్స్ ఆ పని ఎలా చేయగలిగాడు? మెస్యే రాసిన తప్పు అంకెని ఎవరూ చెరిపెయ్యలేదు కాబట్టి. తప్పు అలాగే ఉండటం వల్లే అది ఏ తప్పో దొరికింది. ఇక్కడే నాకు డేటాబేసులతో పేచీ. కొత్త స్థానం రాగానే పాతది కనబడకుండా పోవడం, స్థానం ఇచ్చి తేడా (అది ఎంత మేర అటూ ఇటూ కావచ్చో) ఇవ్వకపోవడం, ఎవరు ఏ ఫొటో మీద కొలిచారో లేకపోవడం నేను ఒప్పుకోలేను. నెడ్‌లో స్థానంతో పాటు అనుమానపు దీర్ఘవృత్తం, ఎక్కడి నుంచి తీసుకున్నారో ఆ మూలం కూడా ఇస్తారు. అది చూస్తే ప్రాణం లేచొస్తుంది. చిన్న చిన్న జాబితాలు, పేపర్ల వెనకాల వేసే పట్టికలు మాత్రం చాలావరకు ఆ మర్యాద పాటించవు.

1888లో డ్రేయర్ వేసిన ఎన్‌జీసీలో 7,840 వస్తువులున్నాయి. ఎందరో చూసి పంపినవి కలిపి వేసింది, అందుకే ఒకే గెలాక్సీకి రెండు నంబర్లు పడ్డాయి కొన్నిచోట్ల. ఎన్‌జీసీ 6, ఎన్‌జీసీ 20 రెండూ ఒకటే. వాటిని విడదీసి ఏది ఏదో తేల్చడానికి హెరాల్డ్ కార్విన్ లాంటివాళ్ళు ఏళ్ళకేళ్ళు ఖర్చు పెట్టారు. వాళ్ళకి దారి చూపింది అంకెల పక్కన ఉన్న పొట్టి వర్ణనలే: చాలా మసక, గుండ్రం, పక్కన నక్షత్రం ఉంది, రెంటిలో దక్షిణపుది. మన దస్తావేజుల్లో సర్వే నంబరుతో ఆగకుండా తూర్పు ఫలానా వారి చేను, పడమర డొంక, ఉత్తరం కాలవ అని నాలుగు హద్దులూ రాస్తాం చూశారా, అదే పద్ధతి. నంబరు తప్పయినా హద్దులు పొలాన్ని పట్టిస్తాయి.

ఇంకో గొడవ ఏమిటంటే, గెలాక్సీ కదలకపోయినా అడ్రసు కదులుతుంది. భూమి ఇరుసు నెమ్మదిగా బొంగరంలా తిరగడం వల్ల సున్నా గీత ఏడాదికి 50 వికళల చొప్పున, 72 ఏళ్ళకి ఒక డిగ్రీ చొప్పున జరిగిపోతుంది. పంచాంగంలో అయనాంశ అంటే ఇదే, ఇప్పుడు 24 డిగ్రీలు దాటింది. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో అయినా మనం సంక్రాంతి జనవరిలో చేసుకునేది ఈ జరుగుడు వల్లే. ఎన్‌జీసీ అంకెలు 1860 గీత మీదవి, నిల్సన్‌వి 1950 గీత మీదవి, ఇప్పుడు వాడేది 2000. మొదటిదానికీ చివరిదానికీ దాదాపు రెండు డిగ్రీల తేడా. ఏ ఏటి గీతో రాయని స్థానం ఎంత చక్కగా కొలిచినా పనికి రాదు. చిత్రా నక్షత్రాన్ని గుంజలా పాతుకుని మన వాళ్ళు అయనాంశ లెక్క కట్టారు, ఆ నక్షత్రమూ మెల్లిగా కదులుతుంది. ఇప్పుడు పాతిన గుంజలు క్వేజార్లు, అంటే చాలా దూరపు గెలాక్సీల నడిబొడ్డున చుక్కల్లా వెలిగేవి. 2019 నుంచి అమల్లో ఉన్న ఆకాశ కొలతల చట్రంలో 4,536 రేడియో మూలాలున్నాయి. అవి ఎంత దూరంలో ఉన్నాయంటే, వాటి కదలిక మనకి తెలియనే తెలియదు.

ఈ పని మనది కాదు, అమెరికా వాళ్ళదీ యూరప్ వాళ్ళదీ అనుకునే వాళ్ళ కోసం ఒక్క విషయం. 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశ పటం పథకంలో ప్రపంచంలోని అబ్జర్వేటరీలు తలా ఒక పట్టీ పంచుకున్నాయి. చిలీ చేయలేకపోయిన దక్షిణపు పట్టీ, మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల వరకు, హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీ తలకెత్తుకుంది. బేగంపేటలో ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో గాజు ప్లేట్లు తీసి, గళ్ళ మీద ఒక్కొక్క నక్షత్రం స్థానం చదివి, పుస్తకాల్లో అచ్చు వేశారు. లక్షల నక్షత్రాలు. ఆ పథకం అంకెలన్నిటినీ తర్వాత కంప్యూటరెక్కించి, 2000లో వచ్చిన టైకో-2 కేటలాగులో 25 లక్షల నక్షత్రాల కదలికలు లెక్క కట్టడానికి వాడారు. టైకో-2ని ఆధారం చేసుకుని టూమాస్ ఇన్‌ఫ్రారెడ్ సర్వే తన స్థానాలు సరిచేసుకుంది. ఆ సర్వే జాబితాలో దాదాపు 16 లక్షల విస్తృత వస్తువులున్నాయి, చాలావరకు గెలాక్సీలే. వందేళ్ళ కిందట బేగంపేటలో మైక్రోస్కోపు మీద వంగి అంకెలు చదివిన గుమాస్తాల పని ఆ స్థానాల అడుగున ఇప్పటికీ ఉంది. వాళ్ళు ఆ రోజు తేదీ, ప్లేటు నంబరు రాయకుండా వదిలేసి ఉంటే ఉండేది కాదు.

అందుకే మా పిల్లలకి ప్రాజెక్టుగా ఈ పనే ఇస్తున్నాను. అలాదిన్ అనే స్ట్రాస్‌బర్గ్ వాళ్ళ ప్రోగ్రాం ఉచితం, ఫొటోలు ఉచితం, కావలసింది ఒక మామూలు కంప్యూటరు, ఓపిక. ఒక్కొక్కరికి ఇరవై గెలాక్సీలు. నిలువుగా ఒకసారి, తిప్పి ఒకసారి. గుర్తుకి విడిగా గడి. ఏ ఫొటో, ఏ కాంతి, ఏ గీత, ఎవరు, ఎప్పుడు. చివరి గడి పేరు "తేడా", అది ఖాళీగా వదిలితే మార్కులు వెయ్యను. ఒక అమ్మాయి మొదటి వారం వచ్చి "మేడమ్, దీనికి మధ్య తెలియట్లేదు, ఏం రాయను?" అని అడిగింది. తెలియట్లేదు అనే రాయి, ఎన్ని వికళల మేర తెలియట్లేదో రాయి అన్నాను.

ఆ తడి మచ్చ గెలాక్సీ కూడా ఇప్పుడు నా పట్టికలో ఉంది. రెండు వైపుల నుంచీ కొలిచిన సగటు రాశాను, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పాత స్థానం కొట్టెయ్యకుండా పక్క గడిలో ఉంచాను. తేడా గడిలో 3 వికళలు. వ్యాఖ్య గడిలో "ఈశాన్యంలో అడ్డం వచ్చిన నక్షత్రం ఉంది, అది కేంద్రం కాదు, పడమర అంచున ముద్దలు" అని రాశాను. నాన్న చదివి, దక్షిణం హద్దు రాయలేదే అన్నారు. దక్షిణాన ఏమీ లేదు నాన్నా, ఖాళీ అన్నాను. "అయితే ఖాళీ అని రాయి" అన్నారు. రాశాను.